హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బీ ఉన్నవారికి జన్యురూప పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా అన్నయ్యగారు చాలా ఏళ్లుగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడుతున్నారు. ఈమధ్య హెపటైటిస్ బీ కూడా ఉన్నట్లు తేలింది. ఆ వైరస్ జన్యురూపం (జన్యువులను బట్టి అది ఏ రకమో) తెలుసుకుంటే చికిత్స మారుతుందా?

జవాబు 1: సాధారణంగా మారదండీ. హెపటైటిస్ బీ వైరస్‌కు ఏ నుంచి జె వరకు జన్యురూపాలున్నాయి. మన దేశంలో డి, ఏ ఎక్కువ, తూర్పు, ఈశాన్య ప్రాంతాల్లో సి కూడా కనిపిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు డి కంటే ఏ మెరుగ్గా లొంగుతుంది కనుక ఆ చికిత్సలో ఈ భేదానికి విలువ ఉంది. కానీ హెచ్‌ఐవీ ఉన్నవారికిచ్చే టెనోఫోవిర్ అన్ని జన్యురూపాల మీదా పనిచేస్తుంది.

జవాబు 2: నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది పాత మందుల చరిత్ర. జిడోవుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్రలో హెపటైటిస్ బీని అణచేది లామివుడిన్ ఒక్కటే. అది ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడితే, వైరస్ తన జన్యుపదార్థాన్ని నకలు చేసుకునే ఎంజైమైన పాలిమరేజ్‌లో 204వ స్థానంలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం మారిపోయి మందుకు లొంగని రకం పైకి వస్తుంది. అటువంటి రకం మీద కూడా టెనోఫోవిర్ పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పాత చీటీలో ఆ మూడు పేర్లే ఉన్నాయి. ఇప్పటి మాత్ర టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్.

జవాబు 2: అయితే దానిని సొంతంగా ఆపవద్దు, ఆపితే కాలేయ వాపు ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. ఇంట్లో మిగిలినవారు పరీక్ష చేయించుకుని, అవసరమైతే టీకా వేయించుకోవాలి.