విజయనగరంలో 1976 నాటి పంక్ గిగ్: పెళ్ళి మైక్ సెట్‌తో అయ్యే పనేనా?

గంటస్తంభం_గిటార్

అందరికీ నమస్తే. రింగు రోడ్డు వైపు ఒక రెస్టారెంటు మేడ మీద పార్టీ హాలు మాట్లాడుకున్నాం. 30 బై 40 అడుగులు, సీలింగు 11 అడుగులు, కింద టైల్సు, ఓ పక్కంతా అద్దాలు. ఎనభై మంది పడతారు. మూడు బ్యాండ్లు ఆడే పంక్ గిగ్, అంటే వేగంగా, గరుకుగా మోగే రాక్ సంగీతం లైవ్ షో. 1976, 77ల్లో లండన్ పబ్బుల్లో వినిపించినట్టు ఉండాలని మా పట్టుదల. సౌండ్ ఆయన పెళ్ళిళ్ళకి పెట్టేవాడు. డబుల్ 18 (రెండేసి 18 అంగుళాల స్పీకర్లున్న) బేస్ బాక్సులు రెండు, 15 అంగుళాల టాపులు (గొంతు, పై స్వరాలకి వాడే బాక్సులు) రెండు, 16 ఛానెళ్ళ మిక్సరు ఇస్తాడట. డ్రమ్ములకి, గిటార్లకి, అన్నిటికీ మైకులు పెట్టేద్దాం అంటున్నాడు. సరేనా? కరెంటు సంగతి, పర్మిషన్ సంగతి కూడా చెప్పండి.

వాల్వు_ఆంప్

అన్నిటికీ మైకులు వద్దు తమ్ముడూ. డబుల్ 18 బాక్సులు అసలు మేడ ఎక్కించొద్దు, మోత కూలీ కూడా మిగుల్తుంది.

అప్పటి పబ్బుల్లో పీఏ (మైకు, మిక్సరు, స్పీకర్ల సెట్టు) అంటే దాదాపుగా గొంతుకే. ఇజ్లింగ్టన్‌లోని హోప్ అండ్ యాంకర్ సెల్లార్ లాంటి చోట్ల డ్రమ్ము మోత నేరుగా గదిలోకే, గిటారు ఆంప్ (గిటారు శబ్దం పెంచే పెట్టె) మోత నేరుగా గదిలోకే. మీకు కావలసిన ఆ ఇరుకు, ఆ రాపిడి అక్కణ్ణించి వచ్చిందే. అన్నీ మిక్సర్లోంచి పంపితే మీ హాల్లో వినిపించేది రిసెప్షన్ ఆర్కెస్ట్రాయే.

కొలత డ్రమ్ముతో మొదలెట్టండి. మైకు లేకుండా డ్రమ్మరు మామూలుగా వాయించేదే ఆ రాత్రికి గరిష్ఠ మోత. బేస్ ఆంప్‌ని కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) సమానంగా పెంచండి, గిటారుని స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) దాకా తీసుకెళ్ళి ఆపేయండి. ఆఖర్న గొంతు. గొంతు పైకి రాకుండానే కూత (స్పీకరు శబ్దాన్నే మైకు మళ్ళీ పట్టి కీచుమనడం) మొదలైతే గొంతు పెంచకండి, మిగతావి తగ్గించండి. 50 వాట్ల ఆంప్ మార్చి 100 వాట్లది తెచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే, కాబట్టి పెద్ద ఆంప్ కోసం వైజాగ్ పరిగెత్తక్కర్లేదు. ఉన్నదాన్ని కుర్చీ మీద పెట్టి వెనక్కి వంచండి. నేల మీద ఉంటే గిటారిస్టు మోకాళ్ళకి వినిపిస్తుంది, వాడేమో వినపడట్లేదని ఇంకా పెంచుతాడు.

గిటారు ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకు చేసే నాబ్) సగానికి తగ్గించండి, మిడ్ (నడిమి స్వరాలు) పెంచండి. రమోన్స్ అనే పంక్ బ్యాండు గిటారిస్టు జానీ రమోన్ ధాటి చాలావరకు ఎడతెగని డౌన్‌స్ట్రోకుల్లో (పైనుంచి కిందకే మీటే దెబ్బల్లో) ఉంది, డిస్టార్షన్ పెడల్లో కాదు. టైల్సు గదిలో గెయిన్ ఎక్కువైతే ఏ కార్డు పట్టారో ఎవరికీ తెలీదు, మీ బేసిస్టుతో సహా.

మిక్సర్_మావయ్య

పైన చెప్పినదానికి ఒప్పుకుంటూనే ఒకటి. కిక్‌కి ఒక్క మైకు పెట్టుకోండి, మిక్సరు మీద దాని ఫేడరు (జరిపే మీట) కిందకే ఉంచి. హాలు నిండాక జనం ఒళ్ళు శబ్దాన్ని పీల్చేస్తాయి, వెనక వరసకి కిక్ అందదు. అవసరపడితే కొంచెం ఎత్తండి. మిగతా డ్రమ్ములకి ఏటీ అక్కర్లేదు.

అసలు తలనొప్పి ఆ టైల్సు, అద్దాలు. టెంట్ హౌస్‌లో దళసరి పరదాలు దొరుకుతాయి. అద్దాల వైపు, స్టేజీకి ఎదురు గోడకి వేలాడదీయండి. గోడకి అతికించకుండా అరడుగు ఎడం ఉంచితే పనితనం బాగా పెరుగుతుంది. డ్రమ్ముల కింద జంఖానా తప్పనిసరి, లేకపోతే రెండో పాటకే కిక్ డ్రమ్ము ముందుకి జారిపోతుంది. బేస్ బూమింగు మాత్రం గుడ్డలతో పోదు. 11 అడుగుల సీలింగుకి సుమారు 51 హెర్ట్జ్ దగ్గర గది మూలుగుతుంది. బేస్ గిటారు లావు తీగ మీద నాలుగో ఫ్రెట్ సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ నోటు ఒక్కటే ఉబ్బినట్టు వినిపిస్తే ఆంప్‌ని మూలలోంచి మూడు నాలుగు అడుగులు బయటికి లాగండి, తర్వాతే బేస్ నాబ్ ముట్టుకోండి.

గొంతు మైకు సంగతి. కార్డియాయిడ్ (ఎదురుగా ఉన్నదాన్నే బాగా వినే) మైకుకి సరిగ్గా వెనకవైపు చెవుడు. కాబట్టి మానిటర్ బాక్సు (పాడేవాడికి తన గొంతు వినిపించే స్పీకరు) మైకు తోకకి ఎదురుగా, పాడేవాడి కాళ్ళ దగ్గర ఉండాలి. టాపులు స్టాండు మీద జనం తలల కన్నా పైకి, మైకు వరసకి ముందు. పంక్ పాడేవాళ్ళకో అలవాటుంది, మైకు జాలీని గుప్పిట్లో బిగిస్తారు. అలా మూసేస్తే వెనక చెవుడు పోయి మైకు అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, వెంటనే కూత. చెయ్యి జాలీ కింద ఉండాలని ముందే చెప్పండి.

జనం రాకముందు గొంతు మైకు మెల్లగా పెంచుతూ పోండి. ఏ ఫ్రీక్వెన్సీ కూస్తే దాన్ని గ్రాఫిక్ ఈక్వలైజర్లో (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో మీట ఉండే పరికరం) 3 నుంచి 6 డెసిబెల్సు తగ్గించండి. ఇలా మూడు నాలుగు చోట్ల చేసి ఆపేయండి. ఇంకా కోస్తూ పోతే గొంతు డొల్లయిపోతుంది. మరో ముఖ్యమైన మాట, ఎకో. మన పక్క సౌండ్ వాళ్ళకి ఎకో వెయ్యకపోతే పని చెయ్యనట్టు ఉంటాది. స్టార్టింగుకి ముందే నవ్వుతూ బటన్ ఆపించండి, మధ్యలో మళ్ళీ ఆన్ చేస్తాడు, ఓ కన్నేసి ఉంచండి.

ఎర్తింగ్_శ్రీకాకుళం

కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు. గిటారు పట్టుకుని మైకుకి పెదవి ఆనిస్తే షాకు కొట్టడం ఈ హాళ్ళలో కొత్త కాదు. ఒక సాకెట్‌లో ఎర్త్ ఉంటుంది, పక్కదాన్లో ఉండదు, ఇంకోదాన్లో ఎర్త్ తీసుకెళ్ళి న్యూట్రల్‌కి కలిపేసి ఉంటారు. ఆంపులు, మిక్సరు అన్నీ ఒకే బోర్డునుంచి తీయండి. మల్టీమీటరు ఏసీ వోల్టులలో పెట్టి ఒక పుల్ల గిటారు తీగకి, రెండోది మైకు జాలీకి ఆనించండి. సున్నా దగ్గర ఉండాలి. పదులలో చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా తీగ ముట్టొద్దు. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేసే మహానుభావులుంటారు, దగ్గరికి రానివ్వకండి.

16 ఆంపియర్ల సాకెట్ మీద 230 వోల్టులకి లెక్కకి 3,680 వాట్లు. గొంతు పీఏ, మూడు ఆంపులు హాయిగా నడుస్తాయి. సీరియల్ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు మాత్రం వేరే లైను మీద ఉంచండి, గిటారు పికప్పులు ఆ గుర్రుమనే శబ్దాన్ని పట్టేస్తాయి. కరెంటు పోతే పవర్ ఆంప్ ఆపాకే జనరేటర్ మీదకి మారండి. ఆన్‌లో ఉండగా మారిస్తే వచ్చే దెబ్బకి ట్వీటర్లు (పై స్వరాల చిన్న స్పీకర్లు) ఎగిరిపోతాయి.

పర్మిషన్: లౌడ్‌స్పీకరుకి పోలీసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. తొమ్మిదిన్నరకి ముగిసేలా రాయండి. మందు పెడితే ఎక్సైజ్ పర్మిషన్ వేరే. సోడాలతో సరిపెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

గంటస్తంభం_గిటార్

ధన్యవాదాలు అన్నా అందరికీ. ఏడింటికి మొదలెట్టి తొమ్మిదిన్నరకి మూడు బ్యాండ్లు పడతాయా? జనం గెంతుతారు కదా, దానికేం చెయ్యాలి?

వాల్వు_ఆంప్

ఎందుకు పట్టవు? న్యూయార్క్ సీబీజీబీ క్లబ్బులో 1974 ఆగస్టులో రమోన్స్ మొదటిసారి ఆడినప్పుడు సెట్ ఇరవై నిమిషాలు కూడా లేదు. ఒక్కో బ్యాండుకి పాతిక నిమిషాలు ఇవ్వండి, రెండు నిమిషాల పాటలు పదీ పన్నెండు. మధ్యలో పదిహేను నిమిషాల మార్పిడి. డ్రమ్ము సెట్టు, బేస్ ఆంప్ అందరికీ ఒకటే. ఎవరి స్నేరు, తాళాలు, కిక్ పెడల్ వాళ్ళు తెచ్చుకోవాలి. విరిగేవి అవే, గొడవలొచ్చేవీ వాటి మీదే. మొదటి బ్యాండు సౌండ్ చెక్ ఆఖర్న పెట్టండి, సెట్టింగులు కదపకుండానే షో మొదలవుతుంది.

మాంచెస్టర్‌లో 1976 జూన్ 4న లండన్ పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్‌ని రప్పించింది హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళ సొంత బ్యాండు బజ్‌కాక్స్ అప్పటికి తయారవలేదని ఆ రోజు వేరే బ్యాండుతో ముందు ఆడించారు. అలాంటి పరిస్థితికి ఒక బ్యాండుని స్పేర్‌లో ఉంచుకోండి.

గెంతులకి: కుర్చీలన్నీ తీసేయించండి, స్పీకర్ స్టాండు కాళ్ళు పూర్తిగా విప్పి ఒక్కో కాలు మీద ఇసుక బస్తా వేయండి. కేబుళ్ళు జనం మధ్యలోంచి కాకుండా గోడవారన తిప్పండి. స్టేజీ ఎత్తు అడుగు చాలు. టెంట్ హౌస్ బల్లలైతే ఒకదానికొకటి తాడుతో కట్టించండి, విడిపోతే మైకు స్టాండు సందులో దిగిపోతుంది. అప్పటి ప్రేక్షకులు బ్యాండు మీద ఉమ్మేవారన్న ముచ్చట మాత్రం పోస్టర్లో రాయకండి.