గేప్ అంటే నోరా, చూపా?

సన్నజాజి: ఒక ఇంగ్లీషు కథ అనువదిస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఒక చేపల రేవు, అక్కడికి సర్కస్ ఏనుగు వస్తుంది, జనమంతా దాన్ని చూసి 'గేప్' చేస్తారు. నేను 'నోరెళ్ళబెట్టి చూశారు' అని రాస్తే పత్రికవాళ్ళు 'తదేకంగా చూశారు' అని మార్చేశారు. ఏది కరెక్టు?

నిఘంటువు_పురుగు: మీదే కరెక్టు, ఇందులో చర్చేముంది? అసలు మాట పాత నార్స్‌లోని (స్కాండినేవియా వాళ్ళ పాత భాష) 'గాపా', అంటే నోరు బాగా తెరవడం. ఇంగ్లీషులోకి 13వ శతాబ్దంలో వచ్చింది. స్వీడన్‌లో పళ్ళ డాక్టరు ఇప్పటికీ 'గాపా' అనే అంటాడు, నోరు తెరవమని. కోడిపిల్లలకు గొంతులో పురుగులు పడితే మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటాయి, ఆ జబ్బు పేరు గేప్స్. అవి దేన్ని తదేకంగా చూస్తున్నాయండీ?

చుక్కల_చొక్కా: అంటే గ్యాప్‌లోంచి గేప్ వచ్చిందన్నమాట.

నిఘంటువు_పురుగు: కాదు. గ్యాప్ కూడా నార్స్ నుంచే విడిగా వచ్చింది, అక్కడ దానికి అగాధం అని అర్థం. వాళ్ళ పురాణంలో సృష్టికి ముందున్న శూన్యం పేరు గిన్నుంగగాప్. రెండూ అక్కాచెల్లెళ్ళు, ఒకదానికొకటి తల్లి కాదు.

మధ్య_బెంచీ: ఇంటర్‌లో నాకో మార్కు పోయింది దీనివల్లే. 'అగేప్' అంటే నోరు తెరుచుకుని అని రాశాను. మా సారు అది గ్రీకు మాట, ప్రేమ అని కొట్టేశారు. స్పెల్లింగ్ ఒకటే గానీ ఆ ప్రేమ 'అగాపే' సార్ అంటే వినలేదు. ఇప్పటికీ మండుతుంది.

రైన్_ఒడ్డున: పురుగు గారూ, నేనుండేది జర్మనీలో. ఇక్కడ ఇదే కుటుంబపు మాట 'గాఫెన్'. హైవే మీద యాక్సిడెంట్ అయితే కారు స్లో చేసి ఫోన్‌తో వీడియో తీసేవాణ్ణి గాఫర్ అంటారు, అది తిట్టు. చనిపోయినవాళ్ళని అలా ఫొటో తీస్తే 2021 నుంచి నేరం కూడా. వాడి నోరు మూసుకునే ఉంటుంది. పత్రికవాళ్ళదే కరెక్టు.

నిఘంటువు_పురుగు: జర్మన్ మాటని బట్టి ఇంగ్లీషు మాటకి అర్థం చెబుతారా? అలాగైతే డచ్‌లో 'గాపెన్' అంటే ఆవలించడం! వాళ్ళ పాత మందుల దుకాణాల గుమ్మం పైన నోరు తెరిచిన చెక్క తలకాయలుంటాయి, కొన్నింటికి నాలుక మీద మాత్ర కూడా, వాటి పేరు గాపర్. నోరు, నోరు, నోరు.

రైన్_ఒడ్డున: మీకు నోరు తప్ప ఇంకేమీ కనపడదు.

నిఘంటువు_పురుగు: మీకు నిఘంటువు కనపడదు.

చుక్కల_చొక్కా: అడ్మిన్ ఎక్కడ 🙂

రైన్_ఒడ్డున: సరే, అసలు సంగతి చెబుతా. మా ఊరి నుంచి హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చిన మొదటిరోజు లిఫ్ట్ ముందు నిలబడ్డాను. సీనియర్ ఒకడు 'ఏంట్రా నోరెళ్ళబెట్టావ్, ఎప్పుడూ చూళ్ళేదా' అన్నాడు. నా నోరు మూసే ఉంది. పెట్టె బరువుకి పళ్ళు బిగించి నిలబడ్డాను, బాగా గుర్తు. ఆ మాట నోటి గురించి కాదండీ, పల్లెటూరివాడి గురించి. అందుకే ఊరి జనానికి ఆ మాట అంటించొద్దంటున్నాను.

సన్నజాజి: పత్రిక ఆయన కూడా ఫోన్లో ఇదే అన్నారు, 'బెస్తవాళ్ళని వెర్రివాళ్ళలా చూపిస్తున్నారు' అని. కానీ మీరెవరూ తర్వాతి వాక్యం అడగలేదు. కథ చెప్పే పిల్ల కూడా ఆ గుంపులోనే ఉంటుంది. ఏనుగు తొండం ఎత్తగానే ఆ పిల్ల నోట్లోని పిప్పరమెంటు జారి బురదలో పడుతుంది. తదేకంగా చూస్తే అది ఎక్కణ్ణుంచి పడాలి?

నిఘంటువు_పురుగు: అదీ!

రైన్_ఒడ్డున: ఈ ముక్క మొదటే చెబితే పోయేది కదమ్మా. అయితే పిల్ల ఒక్కతే నోరెళ్ళబెట్టిందని రాయండి, పెద్దవాళ్ళని చూడనివ్వండి.

నిఘంటువు_పురుగు: మూలంలో క్రియ ఒక్కటే, కర్త జనమంతా. ఏనుగు ముందు పెద్దవాళ్ళకి మాత్రం దవడ ఉండదా?

రైన్_ఒడ్డున: ఉంటుంది. దాన్ని పైనుంచి చూసేవాడు రాస్తున్నాడా, పక్కన నిలబడ్డవాడు రాస్తున్నాడా అన్నదే నా గొడవ.

సన్నజాజి: పక్కన నిలబడ్డదేనండీ రాస్తోంది, పిప్పరమెంటు పోగొట్టుకుని మరీ. 'మేమంతా నోరెళ్ళబెట్టాం' అని మార్చి పంపుతున్నా.

మధ్య_బెంచీ: పిప్పరమెంటు దొరికిందా మరి?

సన్నజాజి: ఏనుగు తొక్కేసింది.