క్యాజువల్ ట్యూటర్‌గా చేస్తున్నా, జీతం సరిగ్గా పడుతోందో లేదో ఎలా చూసుకోవాలి? (ఆస్ట్రేలియా)

మెల్‌బోర్న్ పీహెచ్‌డీ:
అందరికీ నమస్తే. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ ఈ సెమిస్టర్ నుంచి ట్యుటోరియల్స్ చెప్తున్నా, వారానికి ఒకే పాఠం మూడు బ్యాచ్‌లకి, అసైన్‌మెంట్లు దిద్దడం అదనం. పేస్లిప్‌లో క్లాసులకి ట్యుటోరియల్ అని కాకుండా డెమాన్‌స్ట్రేషన్ అని వస్తోంది, మార్కింగ్‌కేమో ఒక్కో స్టూడెంట్‌కి ఇన్ని నిమిషాలని ముందే ఫిక్స్ చేసేశారు, నాకు దానికి దాదాపు డబుల్ టైమ్ పడుతోంది. అదే సబ్జెక్ట్ చెప్పే ఇంకో అమ్మాయికి నాకంటే ఎక్కువే వస్తోందంట. అడగాలంటే మొహమాటం, పైగా స్టూడెంట్ వీసా. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

పాత ట్యూటర్:
తమ్ముడూ ముందు మీ యూనివర్సిటీ ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్ (స్టాఫ్ జీతాలు, పని షరతుల ఒప్పందం) డౌన్‌లోడ్ చేస్కో, అందులో క్యాజువల్ అకడమిక్ రేట్ల పట్టిక ఉంటది, పేస్లిప్ పక్కన పెట్టి చూడాల్సింది అదే. అవార్డు ప్రకారం, అంటే ఈ రంగానికి దేశమంతా వర్తించే కనీస జీతాల రూల్స్ ప్రకారం, గంట ట్యుటోరియల్‌కి మూడు గంటల డబ్బులు, ఒకటి క్లాసుకి, రెండు ప్రిపరేషన్ లాంటి వాటికి. అదే పాఠం 7 రోజుల్లోపు మళ్లీ చెప్తే రిపీట్ కింద లెక్క, దానికి రెండు గంటలు. అంటే ఒక్కోటి గంట క్లాసైతే నీకు వారానికి 3+2+2, మొత్తం 7 గంటలు రావాలి. డెమాన్‌స్ట్రేషన్ అని రాసేస్తే గంటకి గంటే, ప్రిపరేషన్ అంతా ఊరికే చేసినట్టు. ల్యాబ్‌లో పక్కన నిలబడి చూపిస్తున్నావా, లేక కూర్చోబెట్టి డిస్కషన్ నడుపుతున్నావా అన్నదే ముఖ్యం, పేరు వాళ్లు ఏదైనా పెడతారు.

ఆ అమ్మాయికి పీహెచ్‌డీ అయిపోయిందా? అయిపోయినవాళ్లకి, సబ్జెక్ట్ కోఆర్డినేట్ చేసేవాళ్లకి రేటే వేరు, అది తప్పు కాదు. అది కనుక్కోకుండా ఆమెతో పోల్చుకోకు.

సిడ్నీ అక్క:
మార్కింగ్ గురించి నేను చెప్తా. క్లాసుతో పాటే అప్పటికప్పుడు దిద్దే చిన్నచిన్నవి ట్యుటోరియల్ రేటులోనే కలిసిపోతాయి, మిగతా మార్కింగ్‌కి పట్టిన టైమ్‌కి డబ్బులివ్వాలి, వాళ్లు ఊహించుకున్న టైమ్‌కి కాదు. యూనివర్సిటీ ఆఫ్ మెల్‌బోర్న్ సరిగ్గా ఇక్కడే దొరికింది, గంటకి ఇన్ని పదాలు, స్టూడెంట్‌కి ఇంత టైమ్ అని పెట్టి చివరికి 2024 డిసెంబర్‌లో ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి (జీతాల రూల్స్ అమలు చూసే ప్రభుత్వ సంస్థ) రాతపూర్వకంగా ఒప్పుకుంది, 25 వేల మందికి పైగా స్టాఫ్‌కి 7 కోట్ల 20 లక్షల డాలర్లు దాటి వెనక్కి ఇవ్వాల్సొచ్చింది. అంత పెద్దవాళ్ల లెక్కే తప్పింది, నువ్వు మొహమాటపడటం దేనికి? ఇవాళ్టి నుంచి ఎన్ని పేపర్లు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా దిద్దావో రాసి పెట్టుకో. నెలలు పోయాక గుర్తు తెచ్చుకుని రాసిన లెక్క ఎవరూ నమ్మరు.

గోదారోడు:
వీసా భయం వద్దు బ్రో. స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకి 48 గంటలే పని చేయాలన్న లిమిట్ కోర్సు మొదలైన పీహెచ్‌డీ వాళ్లకి లేదు. జీతం గురించి అడిగావని క్లాసులు పీకేస్తే అది చట్టప్రకారం నేరుగా తప్పు. పాత బకాయిలు ఆరేళ్ల వెనక వరకు అడగొచ్చు, కాబట్టి కంగారు లేదు కానీ పేస్లిప్‌లు, కాంట్రాక్ట్, టైమ్‌టేబుల్ అన్నీ పర్సనల్ మెయిల్‌కి పంపుకో, కాంట్రాక్ట్ అయ్యాక యూనివర్సిటీ లాగిన్ పోతే ఇక అంతే. ఎన్‌టీఈయూ అనే యూనివర్సిటీ స్టాఫ్ యూనియన్‌లో చేరితే వాళ్లే కూర్చుని లెక్క చూస్తారు.

మెల్‌బోర్న్ పీహెచ్‌డీ:
థాంక్యూ అందరికీ. కాంట్రాక్ట్ తీసి చూశా, అందులో ట్యుటోరియల్ అనే ఉంది!! పేస్లిప్‌లోనే డెమాన్‌స్ట్రేషన్. ఆ అమ్మాయికి పీహెచ్‌డీ ఇంకా అవ్వలేదంట. ముందు కోఆర్డినేటర్‌ని అడగాలా, డైరెక్ట్‌గా పేరోల్‌కా?

పాత ట్యూటర్:
అయితే నీ పని సులువే. పేరోల్‌కే మెయిల్ పెట్టు, కోఆర్డినేటర్‌ని సీసీలో ఉంచు. కాంట్రాక్ట్‌లో ఇలా ఉంది, పేస్లిప్‌లో ఇలా ఉంది, ఏ క్లాజ్ ప్రకారం ఈ కోడ్ వేశారో చెప్పండి అని అడుగు, అంతే, ఆవేశంగా ఏం రాయకు. ఫోన్‌లో మాట్లాడదాం అంటే సరేనని మాట్లాడు కానీ తర్వాత మాట్లాడిందంతా మళ్లీ మెయిల్‌లో పెట్టు. సూపర్ (సూపర్‌యాన్యుయేషన్, మన పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ డబ్బు, జీతం మీద అదనంగా యజమాని కట్టేది) కూడా చెక్ చేస్కో, 2025 జులై నుంచి కనీసం 12 శాతం, పేస్లిప్‌లో కనిపిస్తే చాలదు, ఫండ్ అకౌంట్‌లో పడిందో లేదో చూడు.