దీపావళి ప్రోగ్రామ్: "తెర వెనుక కథలు" స్కిట్, ఎవరెవరు ఏం చూస్తున్నారు?

స్క్రిప్ట్ వాలంటీర్: అందరికీ నమస్కారం. మనకు ఇచ్చింది పన్నెండు నిమిషాలు. గ్రూపులో పంపిన కథల్లో సగం పుకార్లే, తీసేశాను. పదిమంది గురించి తలా ఒక ముక్క చెప్పేకంటే ఘంటసాల గారి కథ ఒక్కటే నిదానంగా చూపిద్దాం. మన పిల్లలకు ఆయనంటే తాతయ్య కారులో వినపడే గొంతు, అంతే. సంగీతం కోసం వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్ళారనీ, అక్కడ జోలె కట్టుకుని మధూకరం ఎత్తారనీ (అంటే ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కున్నారనీ), క్విట్ ఇండియాలో 18 నెలలు జైల్లో ఉన్నారనీ మనలోనే చాలామందికి తెలియదు.

డ్రెస్సుల టీమ్: అన్నయ్యా, జోలె సీన్ స్టేజి మీద వద్దేమో. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు.

స్క్రిప్ట్ వాలంటీర్: నొచ్చుకోరమ్మా. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటారు. సంగీత గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా ఘంటసాల గారికి పాఠం చెప్పి చేరదీశారు. ఆ సీన్ నిలబడాలంటే ముందు జోలె కనపడాలి. పాత తెల్ల ఉత్తరీయం చాలు, మెరిసే పట్టు వద్దు.

పిల్లల క్విజ్: మాకు మూడు ప్రశ్నలు కావాలి. హెడీ లమార్ వైఫై కనిపెట్టింది అని పెట్టొచ్చా?

స్క్రిప్ట్ వాలంటీర్: వద్దు, అది సాగదీసిన మాట. టార్పెడోను నడిపే రేడియో సిగ్నల్‌ను శత్రువు చెడగొట్టకుండా ఫ్రీక్వెన్సీలు మార్చుతూ పోయే పద్ధతికి ఈ హాలీవుడ్ నటి, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో పేటెంట్ తీసుకున్నారు. అందులో 88 ఫ్రీక్వెన్సీలు, పియానో మెట్లు ఎన్నో అన్ని! అదే అడగండి. రెండోది, విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకు వెళ్తే అధ్యాపకుడిగా తీసుకున్నది ఎవరిని? వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని, 1919లో. మూడోది, 1947లో వచ్చిన సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం మూడు వారాలకే వదిలేసిన హీరో? ఎన్టీఆర్ అని చిన్నపిల్లలు కూడా అరుస్తారులెండి.

సౌండ్: చివర్లో ఏం పాట? ట్రాకులు గురువారం లోపు ఇవ్వకపోతే నాకు టెన్షన్.

స్క్రిప్ట్ వాలంటీర్: ట్రాక్ లేదు బాబాయ్. 1971లో ఘంటసాల గారు అమెరికా వచ్చి పాడిన ముచ్చట చెప్పి, భగవద్గీత శ్లోకం ఒకటి మన పిల్లవాడే పాడతాడు. ఒక మైకు, తంబుర యాప్ చాలు. హార్మోనియం ఎవరింట్లో ఉందో ఇక్కడే చెప్పండి.

డ్రెస్సుల టీమ్: మా అత్తగారిది ఉంది. రెండు మెట్లు పలకవు, స్టేజి మీద పెట్టడానికైతే ఓకే.