ఎలక్షన్లొస్తే టెర్రరిజం మీద ఇదే గొడవ. పోటా (టెర్రరిజం నిరోధక చట్టం) తీసేయడం వల్లే పేలుళ్లు జరిగాయా?

నెల్లూరు_రవి:
అందరికీ నమస్తే. మొన్న 2025 నవంబర్ 10 సాయంత్రం ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలింది కదా, తెల్లారితే బీహార్ రెండో విడత పోలింగ్. ఇంకా చనిపోయినవాళ్లు ఎంతమందో కూడా తేలలేదు, మా ఫ్యామిలీ గ్రూపులో అప్పుడే మొదలైపోయింది. మా బాబాయి కొడుకేమో కాంగ్రెస్ పోటా రద్దు చేసింది కాబట్టే దేశం నిండా బాంబులు పేలాయి అంటాడు, మా మావయ్యేమో 1999 హైజాక్ అప్పుడు జైల్లో ఉన్న టెర్రరిస్టు మసూద్ అజర్ ని విమానంలో తీసుకెళ్లి కాందహార్ లో దింపొచ్చింది ఎవరు, బీజేపీ ప్రభుత్వం కాదా అంటాడు. ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవట్లేదు, నిజంగా. నేను ఏ పార్టీ కాదు, నాకు ఒకటే డౌట్. మైకుల ముందు అరిచేది పక్కన పెడితే, చట్టాల విషయంలో ఎవరు ఏం చేశారు? తెలిసినవాళ్లు తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_వంశీ:
అన్నా నేను బీజేపీకే ఓటేస్త, దాచేదేం లేదు. మీ బాబాయి కొడుకు చెప్పిన దాంట్ల నిజముంది. 2004 ల యూపీఏ రాంగనే పోటా తీసేసిన్రు, వాళ్ల కామన్ మినిమం ప్రోగ్రాంలనే రాసుకున్రు. ఆ తర్వాత చూడు, 2005 ల దీపావళి ముందు ఢిల్లీ మార్కెట్లు, 2006 జులై ల ముంబై లోకల్ ట్రైన్లు, 2007 ల మన గోకుల్ చాట్, లుంబినీ పార్క్, 2008 ల జైపూర్, అహ్మదాబాద్, మళ్ల ఢిల్లీ, చివరికి 26/11. వరసపెట్టి జరిగినయ్. 26/11 అయినంక హోం మంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేసిండు, అంటే తప్పు జరిగిందని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా. గోకుల్ చాట్ ల పోయినోళ్లు ఎవరు, సాయంత్రం చాట్ తిందామని పోయినోళ్లు. ఎలక్షన్ల దీని గురించి అడగొద్దంటే ఇంక దేని గురించి అడగాలె? ప్రాణం కన్నా పెద్ద ఇష్యూ ఉంటదా?

శ్రీలత_అడ్వకేట్:
వంశీ గారూ అడగొద్దని ఎవరూ అనట్లేదండి, అడగాలి. కానీ అడిగేది కరెక్ట్ గా అడగాలి. చట్టాల సంగతి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు టాడా అనే టెర్రరిజం చట్టం, 1985 లో కాంగ్రెస్ తెచ్చింది, 1995 లో కాంగ్రెస్ హయాంలోనే గడువు అయిపోయి పోయింది. తర్వాత పోటా, 2001 అక్టోబర్ లో ఆర్డినెన్సుగా వచ్చింది, రాజ్యసభ లో ఓడిపోతే 2002 మార్చి లో జాయింట్ సెషన్ పెట్టి పాస్ చేయించారు. ఆ ఆర్డినెన్సు అమల్లో ఉండగానే డిసెంబర్ 13 న పార్లమెంటు మీద దాడి జరిగింది. పోటా చట్టం అమల్లో ఉండగానే 2002 సెప్టెంబర్ లో అక్షర్‌ధామ్, 2003 ఆగస్టు లో ముంబై గేట్‌వే, జవేరీ బజార్ పేలుళ్లు జరిగాయి. కాబట్టి చట్టం ఉంటే బాంబు పేలదు, తీసేస్తే పేలుతుంది అనే లెక్క కుదరదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. 2004 లో పోటాని తీసేసిన రోజుల్లోనే యూఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) ని సవరించి టెర్రరిస్టు చర్య అంటే ఏంటి, నిషేధిత సంస్థల జాబితా, ఇవన్నీ అందులోకి మార్చేశారు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లడం, బెయిల్ మీద ప్రత్యేక ఆంక్షలు, ఇవి మాత్రం వదిలేశారు. 26/11 తర్వాత 2008 డిసెంబర్ లో అదే కాంగ్రెస్ ప్రభుత్వం బెయిల్ ఆంక్షలు మళ్లీ తెచ్చింది, చార్జిషీట్ కి 180 రోజుల దాకా టైమిచ్చింది, టెర్రరిజం కేసులు దర్యాప్తు చేసే ఎన్ఐఏ ని పెట్టింది. ఇవాళ బెయిల్ రాక ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాళ్ల గురించి కాంగ్రెస్ వాళ్లు మాట్లాడే ఆ సెక్షన్, 43డి(5), వాళ్లు పెట్టిందే.

ఇటు బీజేపీ సంగతి చూస్తే, 2012 లో చిదంబరం ఎన్‌సీటీసీ అని జాతీయ కౌంటర్ టెర్రరిజం సెంటర్ పెడతానంటే రాష్ట్రాల హక్కులు పోతాయని గట్టిగా వ్యతిరేకించిన ముఖ్యమంత్రుల్లో మోదీ గారు ఒకరు. అది మొదలవకుండానే ఆగిపోయింది. కసబ్ ని ఉరి తీసింది 2012 నవంబర్ లో, అఫ్జల్ గురు ని 2013 ఫిబ్రవరి లో, రెండూ యూపీఏ టైమే. "మెతక", "గట్టి" అనే ముద్రలు ఈ రికార్డు ముందు నిలబడవండి. నాకు కోపం వచ్చేది ఇక్కడే, సభల్లో జనాన్ని రెండుగా చీల్చి, లోపల మాత్రం ఒకరి చట్టానికి ఇంకొకరు ఇంకో అంతస్తు కట్టుకుంటూ పోతున్నారు.

కరీంనగర్_వంశీ:
మేడం ఎన్‌సీటీసీ ని మోదీ ఒక్కడే వద్దన్నడా? మమత అప్పుడు యూపీఏ లనే ఉండె, ఆమె కూడ వద్దన్నది. నవీన్ పట్నాయక్, జయలలిత అందరు వద్దన్నరు. ఇంటెలిజెన్స్ బ్యూరో కింద పెట్టి దానికి అరెస్టు పవర్ ఇస్తమంటే రాష్ట్రాలు ఊకుంటయా? అది పార్టీ పంచాది కాదు, అసలైన అభ్యంతరం.

శ్రీలత_అడ్వకేట్:
నిజమే, ఆ అభ్యంతరం న్యాయమైనదే, నేనూ అదే అంటాను. ఐబీ కి అరెస్టు అధికారం ఇవ్వకూడదు. కానీ అదే మాట ఇప్పుడు వేరే పార్టీ సీఎం అంటే దేశద్రోహం అంటున్నారు చూడండి, నా బాధ అది.

చార్మినార్_అక్బర్:
నేను పాతబస్తీ వాడిని. మక్కా మసీదు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 2007 మే 18, శుక్రవారం నమాజ్ టైంలో బాంబు, తొమ్మిది మంది పోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొంతమంది. మా దగ్గర కుర్రాళ్లని పదుల్లో పట్టుకెళ్లారు, కొట్టారు, కేసులు పెట్టారు, కోర్టులో ఒక్కటీ నిలబడలేదు. అప్పుడు రాష్ట్రంలో, సెంటర్లో రెండు చోట్లా కాంగ్రెస్సే. తర్వాత దర్యాప్తు ఇంకో దిక్కుకి, హిందూ సంస్థలవాళ్ల వైపు తిరిగింది, ఎన్ఐఏ చేతికి వచ్చింది, 2018 ఏప్రిల్ 16 న ఆ కేసులో ఐదుగురినీ నిర్దోషులని వదిలేశారు. అప్పుడు సెంటర్లో బీజేపీ. అంటే మసీదులో బాంబు ఎవరు పెట్టారో ఈ రోజుకీ తేలలేదు. ప్రతి ఎలక్షన్ కీ మా ఏరియాకి వచ్చి ఒకరు మిమ్మల్ని కాపాడేది మేమే అంటారు, ఇంకొకరు మమ్మల్ని చూపించి వేరే చోట ఓట్లు అడుగుతారు. ఈ కేసు ఎందుకు ఓడిపోయారు అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

దిల్‌సుఖ్‌నగర్ కేసు చూడండి. 2013 ఫిబ్రవరి లో పేలుళ్లు, 2016 డిసెంబర్ లో ఎన్ఐఏ కోర్టు యాసిన్ భత్కల్ తో సహా ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అరెస్టయినప్పుడు ఒక ప్రభుత్వం, శిక్ష పడేటప్పటికి ఇంకో ప్రభుత్వం. దర్యాప్తు సరిగ్గా చేస్తే ఎవరున్నా కేసు నిలబడుతుంది.

అక్షర్‌ధామ్ లో ఏమైందో తెలుసా? పోటా కింద శిక్ష పడిన ఆరుగురినీ సుప్రీంకోర్టు వదిలేసింది, 2014 మే 16 న, లోక్‌సభ ఫలితాలు వచ్చిన రోజే. టీవీలన్నీ సీట్ల లెక్కల్లో ఉన్నాయి. వాళ్ల జైలు సంవత్సరాల సంగతి వదిలేయండి, గుడిలో చంపింది ఎవరు అనే ప్రశ్న కూడా ఆ రోజు ఎవరూ అడగలేదు.

తిరుపతి_మాస్టారు:
నేను రిటైర్డు టీచర్ని. ఇక్కడ అందరూ ఒకటి మర్చిపోతున్నారు, దాడి జరిగితే ఓట్లు వాటంతటవే వచ్చి పడవు. మా అలిపిరి లోనే చూశాం. 2003 అక్టోబర్ 1 న బ్రహ్మోత్సవాలకి వెళ్తున్న చంద్రబాబు గారి కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు, ఆయన బతికి బయటపడ్డారు. తర్వాతి నెలలోనే అసెంబ్లీ రద్దు చేసి ముందస్తుకి వెళ్లారు. టెర్రరిజం మీద పోరాడే నాయకుడిగా జనం నిలబెడతారని అనుకున్నారు. కరువు, కరెంటు బిల్లులు, రైతుల ఆత్మహత్యలు, జనానికి అవి ముందుకొచ్చాయి. 294 లో 47 సీట్లు వచ్చాయి. నాకు ఆయన మీద ఎంతో గౌరవం, ఆ దాడి చేసినవాళ్ల మీద ఇప్పటికీ కోపమే, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. గెలిచిన రాజశేఖర రెడ్డి గారు 2004 అక్టోబర్ లో నక్సలైట్లతో చర్చలు జరిపారు, ఏడాది తిరక్కుండా 2005 ఆగస్టు 15 న కాంగ్రెస్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి గారిని నక్సలైట్లు చంపేస్తే రెండు రోజుల్లో వాళ్ల మీద నిషేధం పెట్టారు. ఈ మొత్తం కాలంలో గ్రేహౌండ్స్ ని మాత్రం ఏ పార్టీ ముట్టుకోలేదు, 1989 లో పెట్టిన దళం అలాగే పనిచేసుకుంటూ పోయింది.

26/11 జరుగుతుండగానే బీజేపీ పేపర్లలో యాడ్ ఇచ్చింది, ప్రభుత్వం బలహీనమని. నవంబర్ 29 న ఢిల్లీ ఓటేసింది, షీలా దీక్షిత్ మూడోసారి గెలిచారు. 2019 లో పుల్వామా, బాలాకోట్ తర్వాత బీజేపీ కి దేశంలో 303 వచ్చాయి, అదే ఏప్రిల్ లో మన ఆంధ్రాలో ఒక్క ఎంపీ సీటు రాలేదు, తెలంగాణలో నాలుగు వచ్చాయి.

నెల్లూరు_రవి:
మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్. శ్రీలత గారూ ఒకటి అడగనా, 2019 లో యూఏపీఏ మళ్లీ మార్చారు కదా, సంస్థని కాకుండా మనిషినే టెర్రరిస్టుగా ప్రకటించొచ్చని. దానికి కాంగ్రెస్ అడ్డుపడిందని మావయ్య అంటున్నాడు, నిజమేనా?

శ్రీలత_అడ్వకేట్:
సభలో మాట్లాడారు, సెలెక్ట్ కమిటీకి పంపమన్నారు, చిదంబరం గారు ఆ క్లాజు ని గట్టిగానే విమర్శించారు. కమిటీకి పంపే ప్రతిపాదన ఓడిపోయింది. తర్వాత బిల్లు ఓటింగుకి వచ్చింది, రాజ్యసభ లో 147 అనుకూలం, 42 వ్యతిరేకం. కాంగ్రెస్ ఓటు ఆ 147 లో ఉంది.