కలడు కలండనెడువాడు: ఆ "లం" సంగతేంటి?

చిక్కడపల్లి చిన్నది:
అందరికీ నమస్కారం. ఒక పద్యపాదం మూడ్రోజులుగా బుర్ర తినేస్తోంది. మొన్న మా బాబాయి పన్నెండో రోజు భోజనాల దగ్గర మా పెదనాన్నకీ మావయ్యకీ దేవుడున్నాడా లేడా అని మొదలైంది. పెదనాన్న కుర్రతనంలో విజయవాడలో నాస్తికుడు గోరా గారి సభలకి తిరిగిన మనిషి, మావయ్య పూజ అవ్వందే కాఫీ కూడా ముట్టడు. పెదనాన్న పెరుగన్నం కలుపుకుంటూ "నన్నంటావేంటయ్యా, మీ పోతనే అనుమానపడ్డాడు" అని ఒక పాదం చదివాడు. నేను మజ్జిగ గిన్నెతో పంక్తి చివర్న ఉన్నా, సగమే వినబడింది. ఇంటికొచ్చి రాసుకుంటే "కలడు కలడనేవాడు కలడో లేడో" అని వచ్చింది. చదువుతుంటే మధ్యలో ఎక్కడో కాలు జారుతోంది. ఇది ప్రహ్లాదుడి పద్యమేనా? అదీ కాక, ఇది నిజంగా లేడనేవాళ్ళ పక్షమేనా? మావయ్య అప్పట్నించీ ముభావంగా ఉన్నాడు, ఏదో ఒకటి చెప్పాలి.

యతిప్రాస:
ప్రహ్లాదుడిది భాగవతం ఏడో స్కంధం, "ఇందు గలఁ డందు లేఁడని సందేహము వలదు". మీరడిగేది ఎనిమిదో స్కంధంలో, గజేంద్రమోక్షంలో ఏనుగుది. సందేహం వలదు అన్న చేత్తోనే పక్క స్కంధంలో సందేహం రాశాడు మహానుభావుడు.

కలఁ డందురు దీనులయెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్ని దిశలను
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో

మీకు కాలు జారింది ఒక్క మాత్ర దగ్గరమ్మా. కందంలో సరిపాదానికి ఇరవై మాత్రలుండాలి, మీరు రాసుకున్నదానికి పంతొమ్మిదే వస్తాయి. కలఁడుక, లండనె, డువాఁడు, గలఁడో, లేఁడో. ఆ "లం" గురువు కాబట్టే ఆరోగణం జగణమై కూర్చుంది, యతి "గ" మీద పడింది. "కలడనే" అంటే మొత్తం కూలిపోతుంది.

గసడదవ:
మాస్టారూ లెక్క ఒప్పుకుంటాను కానీ మాత్ర కోసమే అయితే పోతనకి ఇంకో మాట దొరక్కనా? నా ఉద్దేశం వేరే. మొదటి "కలఁడు" మెల్లగా, ఎవరో చెవిలో చెప్పినట్టు, రెండోది "కలండు" అని నిండుసున్నతో గట్టిగా, బల్ల గుద్దినట్టు. నమ్మేవాళ్ళు ఎదుటివాడు తలూపకపోతే రెండోసారి గొంతు పెంచుతారు కదా, అదే ఇది. పైకి చదివి చూడండి.

యతిప్రాస:
బాబూ, హ్రస్వం మీద అరసున్నైనా నిండుసున్నైనా రావచ్చు, దీర్ఘం మీద నిండుసున్న రాదు, అందుకే "వాఁడు", "లేఁడో" ఎక్కడున్నా అరసున్నతోనే ఉంటాయి. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదం ఒకసారి తిరగెయ్యండి. అందులో బల్ల గుద్దడం లేదు.

గసడదవ:
పోతన చిన్నయసూరిని చదివి రాయలేదు లెండి. సూరి పుస్తకం 1858, పోతనది పదిహేనో శతాబ్దం. రెండు రూపాలూ సరైనవే అయినప్పుడు ఏది ఎక్కడ వాడాడన్నది కవి చెవి. నా మాట నాదే.

జనగామ పిలగాడు:
మాస్టారు గారూ, అన్నా, మీ ఇద్దరి పంచాయితీ తర్వాత. పోతన మా దిక్కు బమ్మెర ఆయన, గదొక్కటి యాదుంచుకోండ్రి.

పాత పుస్తకాలు:
పోతనది బమ్మెరా ఒంటిమిట్టా అన్న గొడవ ఇక్కడ ఎత్తకు తమ్ముడూ నీకు దండం పెడతా, కిందటిసారి దానికే రెండొందల కామెంట్లు.
నా దగ్గర ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న భాగవతం ఒకటుంది, అట్ట లేదు, మొదటి పాతిక పేజీలు చెదలు తినేశాయి, ఎనిమిదో స్కంధం మాత్రం నిక్షేపంగా ఉంది. పాత ఆసామీ ఎవరో ఈ పద్యం పక్కన పెన్సిల్‌తో "ఎవరు అనెడు?" అని రాసుకున్నారు. అది చూసినప్పట్నించీ నాకు గొడవ "లం" దగ్గర కాదు, "అనెడువాడు" దగ్గర. "రాముడనెడు రాజు" అంటే రామా అని పిలవబడే రాజు. ఆ లెక్కన "కలడు కలండు" అని జనం అంటున్న ఆ ఒకడు, వాడు ఉన్నాడో లేడో. మామూలు అర్థం ఇదే. కానీ "అనెడువాడు" అంటే అనేవాడు, చెప్పేవాడు అని కూడా కదా. అప్పుడు "ఉన్నాడు ఉన్నాడు అని చెప్తున్నవాడు అసలున్నాడా" అని వస్తుంది. మొసలి నోట్లో కాలుంది, భరోసా ఇచ్చిన యోగులు ఒక్కరూ చెరువు గట్టున లేరు.

యతిప్రాస:
అన్వయం కుదరదమ్మా. ఆ వెంటనే వచ్చే సీసం మొత్తం భగవంతుణ్ణి ఉద్దేశించే. "కలుగఁడే నాపాలి కలిమి సందేహింపఁ గలిమిలేములు లేకఁ గలుగువాఁడు". ఇక్కడ కలుగువాఁడు ఎవరో అక్కడ అనెడువాఁడు కూడా ఆయనే.

పాత పుస్తకాలు:
కుదరదని నాకూ తెలుసు మాస్టారూ. కానీ ఆ పెన్సిల్ ఆయన్ని వదులుకోలేకపోతున్నా.

సగం తర్కం:
ఆఫీసులో ఉన్నా, మాదాపూర్ నుంచి టైప్ చేస్తున్నా, తప్పులుంటే క్షమించండి. మీరెవరూ అసలు పాయింట్‌కి రాలేదు. ఈ పద్యం రెండు వాదాలు ఒకేసారి నడుపుతోంది. ఒకటి సాక్ష్యం వాదం, "అందురు" మూడుసార్లు, అంటే విన్నమాట, శబ్దప్రమాణం, తను చూసింది కాదు. రెండోది బాధల వాదం, దీనుల దగ్గర ఉంటాడంటారు, నాకంటే దీనుడెవడు, మరి రాడేం. రెండోదాన్నే స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ 1779లో వచ్చిన సంభాషణల్లో ఎపిక్యూరస్ పేరు మీద అడుగుతాడు, ఆపాలనుండీ ఆపలేడా, ఆపగలిగీ ఆపడా, రెండూ ఉంటే మరి ఈ చెడు ఎక్కణ్ణించి అని. మనవాళ్ళలో కుమారిలుడు ఇంకా ముందే అడిగాడు, అదీ వేదం ప్రమాణమన్న మీమాంసకుడై ఉండి. దయతో సృష్టి చేశాడంటారు, సృష్టికి ముందు దయ చూపించడానికి ఎవరున్నారు, పోనీ దయే అయితే అందర్నీ సుఖంగానే పుట్టించొచ్చుగా అని. మూలంలో ఏనుగూ మొసలీ కొట్టుకుంది వెయ్యేళ్ళు. వెయ్యేళ్ళ డేటా తర్వాత వచ్చిన అనుమానం ఇది, చిన్న శాంపిల్ కాదు.

గసడదవ:
తమ్ముడూ కుమారిలుడి దగ్గర ఆపేస్తే ఎలా, న్యాయశాస్త్రం ఉదయనుడు ఊరుకుంటాడా? ఆయన న్యాయకుసుమాంజలి అయిదో స్తబకం (అధ్యాయం) మొదటి శ్లోకం, "కార్యాయోజనధృత్యాదేః". కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, ప్రపంచమూ కార్యమే, దానికీ కర్త ఉండాలి.

సగం తర్కం:
కుమ్మరికి చేతులున్నాయన్నా. చేతులు లేకుండా కుండ చేసిన కుమ్మరిని చూపించండి. చేతులున్నాయంటే ఆ చేతులు చేసిందెవరు? అదీ కుమారిలుడు అడిగిందే.

గసడదవ:
అది అడుగుతారని ఉదయనుడికి తెలియదంటావా, ఆయన వచ్చింది కుమారిలుడి తర్వాత. శరీరం ఉండక్కర్లేదు, జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం ఉంటే కర్తే అంటారు నైయాయికులు. ఆయన గురించి ఒక కథ కూడా చెప్పుకుంటారు. పూరీ వెళ్తే గుడి తలుపులు మూసేసి ఉన్నాయట, ఈయనకి ఒళ్ళు మండి జగన్నాథుడితో "ఐశ్వర్యమదంతో నన్ను లెక్కచెయ్యట్లేదు, బౌద్ధులు ఎదురుగా నిలబడ్డప్పుడు నీ స్థితి నా చేతిలో ఉంది" అన్నాడట. "మదధీనా తవ స్థితిః". స్థితి అంటే ఉనికి. దేవుణ్ణి ఇలా బెదిరించినవాడు ఇంకొకడు లేడు.

జనగామ పిలగాడు:
ఇది మస్తుగుందన్నా. మా పోతన ఏనుగు అడుక్కుంటది, మీ ఆయన దబాయిస్తడు.

సగం తర్కం:
ఇంకో సంగతి, నా సొంత థియరీ, నవ్వకండి. అన్సెల్మ్ అని 1078 ప్రాంతంలో ఒక సన్యాసి, అంతకంటే గొప్పదాన్ని ఊహించలేనంత గొప్పది దేవుడు, అది ఊహలోనే ఉంటే నిజంగా కూడా ఉన్నది ఇంకా గొప్పదవుతుంది కాబట్టి ఉండి తీరాలి అన్నాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లో ఉనికి అనేది గుణం కాదు పొమ్మన్నాడు. ఊహలో వంద థాలర్లకీ (అప్పటి వెండి నాణేలు) నిజం వంద థాలర్లకీ భావనలో ఒక్క నాణెం తేడా లేదు, తేడా అంతా నా జేబుకి. మరి యూరప్ వాళ్ళకి ఇంత చిక్కు ఎందుకొచ్చిందంటే వాళ్ళకి "మంచివాడు" అనడానికీ "ఉన్నాడు" అనడానికీ ఒకటే క్రియ. మనకి ఆ బాధ లేదు. "దేవుడు కరుణామయుడు", అయిపోయింది, క్రియే లేదు. "దేవుడు కలడు" అనాలంటే మాత్రం ప్రత్యేకంగా ఒక మాట ఖర్చు పెట్టాలి. కాంట్ అన్ని పేజీల్లో చెప్పింది తెలుగు వ్యాకరణంలో ఊరికే ఉంది.

యతిప్రాస:
నవ్వనులే. కానీ భుజం తట్టుకునే ముందు ఒక మాట. సంస్కృతంలోనూ "రామః సాధుః" అంటే చాలు, "అస్తి" అక్కర్లేదు. లాటిన్‌లోనూ ఆ క్రియ వదిలేసి వాక్యాలు రాస్తారు, అన్సెల్మ్ రాసిందేమో లాటిన్‌లోనే. క్రియ లేకపోతే చిక్కు ఉండదనుకుంటే న్యాయశాస్త్రంలో సత్త, అంటే ఉనికి మీద అంత రగడ ఎందుకు జరిగినట్టు?
నీ మాటలో పనికొచ్చే ముక్క ఒకటుంది. "కలుగు" అంటే ఉండటం, పుట్టడం రెండూ. దాన్నించి వచ్చిన "కలిమి" ఉనికీ అవుతుంది, సంపదా అవుతుంది. నీ థాలర్లు ఆ మాటలోనే ఉన్నాయి. "నాపాలి కలిమి సందేహింపఁ గలుగఁడే", నాకున్న ఆస్తి ఆయనే, ఆ ఆస్తి ఉందో లేదో అని అనుమానం వస్తే రాడా అని. "కలిమిలేములు లేకఁ గలుగువాఁడు", ఉండటం లేకపోవటం అనే గొడవే లేకుండా ఉండేవాడు. ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ఎవరికి వర్తించదో వాణ్ణి పట్టుకుని ఉన్నాడా లేడా అని అడుగుతోంది ఏనుగు. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ పాదం దగ్గరికొచ్చినప్పుడల్లా సుద్దముక్క పక్కన పెట్టేవాణ్ణి.

పాత పుస్తకాలు:
మాస్టారూ 🙏 ఇది ముందే చెప్పొచ్చుగా, అనవసరంగా మాత్రలు లెక్కపెట్టించారు.
ఆ అనుమానం కూడా పోతనతో మొదలవలేదు కదా. ఋగ్వేదంలో నాసదీయ సూక్తం, పదో మండలం 129, చివరి మాట "యది వా న వేద", పైనున్నాయనకి తెలుసేమో, లేకపోతే ఆయనకీ తెలియదేమో. అక్కడా ప్రశ్న వేసి వదిలేశారు.

గసడదవ:
నాకు అంతకంటే "అట" అంటే ఇష్టం. "పలికెడిది భాగవతమట, పలికించెడివాఁడు రామభద్రుండట". మొదటి స్కంధంలో తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా "అట" అంటాడు, నేను చూశాను అనడు. అక్కడ అట, ఇక్కడ అందురు. మనిషే అలాంటివాడు, విన్నమాటని విన్నమాటగానే చెప్తాడు. అన్నట్టు "రామభద్రుండట" దగ్గర కూడా నిండుసున్నే, చూసుకోండి మాస్టారూ.

యతిప్రాస:
అక్కడ కూడా గణం కోసమే.

జనగామ పిలగాడు:
నేను లెక్కపెట్టిన. పద్యంల "కలడు" ఆరుసార్లు, "లేడు" ఒక్కసారే. ఓటింగ్ పెడితె దేవుడు గెలుస్తడు.

సగం తర్కం:
ఆరింట్లో మూడు "అందురు" పార్టీవి, ఇంకో రెండు "అనెడు" వాళ్ళవి. మిగిలిన ఒక్కటీ ప్రశ్న. సొంత ఓటు సున్నా.

చిక్కడపల్లి చిన్నది:
అయ్యా, అమ్మా, అందరికీ థ్యాంక్స్. ఇంతకీ మావయ్యకి ఏం చెప్పను? ఇది ఎవరి పక్షం?

పాత పుస్తకాలు:
ఏనుగు పక్షం.

యతిప్రాస:
మావయ్య గారికి "విశ్వమయత లేమి" పద్యం వినిపించండి. మొర విని కూడా బ్రహ్మాదులు ఊరికే ఉండిపోయారు, విశ్వమయుడు కాబట్టి విష్ణువే వచ్చాడు అని. అంటే అనుమానానికి అక్కడ జవాబు దొరికింది.

సగం తర్కం:
కథలో దొరికింది మాస్టారూ. పెదనాన్న గారు అడిగింది కథ బయట.

గసడదవ:
దీని మీద "పెంజీకటి కవ్వల" కూడా చూడాలి, "ఎవ్వం డేకాకృతి" దగ్గర నాకో అనుమానం ఉంది...

పాత పుస్తకాలు:
దానికి వేరే పోస్టు పెట్టు నాయనా.

చిక్కడపల్లి చిన్నది:
అప్‌డేట్. ఎందుకైనా మంచిదని పద్యం మొత్తం టైప్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. మావయ్య దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. పెదనాన్న అయిదు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు. కలఁడందురు నుంచి మొదలుపెట్టి సీసం నాలుగు పాదాలూ, ఎత్తుగీతీ, "లావొక్కింతయు లేదు" కూడా రాగం తీస్తూ చదివేశాడు, మధ్యలో ఒకచోట దగ్గు వస్తే ఆగి మళ్ళీ ఆ పాదం మొదటి నుంచి అందుకున్నాడు. చివర్న నాకు చివాట్లు, ఒక్క అరసున్న కూడా పెట్టకుండా పోతన పద్యం పంపడానికి సిగ్గులేదా అని. ఫోన్లో అరసున్న ఎక్కడుంటుందో ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

జనగామ పిలగాడు:
కీబోర్డుల కలదందురు. నాకైతే కండ్ల పడలే అక్కా.