మేట, పూడిక, అవక్షేపం: ఏది ఎక్కడ రాయాలి?

నల్లగొండ నుంచి ప్రశ్న: మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా నది అడుగు ఎలా మారుతుందో నదుల ప్రవాహాన్ని లెక్కగట్టే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నా. ఒడ్డు ఊళ్ల రైతుల కోసం తెలుగులో ఒక పేజీ రాయాలి. పుస్తకాల్లో 'అవక్షేప రవాణా' అని ఉంది. అర్థమవుతుందంటారా?

మిర్యాలగూడ: కాదు సార్. కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షనాళిక అడుగున తెల్లగా దిగేదీ అవక్షేపమే. అది కరిగిన వాటిలోంచి పుడుతుంది. ఇసుక ఎప్పుడు కరిగింది? 'ఇసుక, ఒండ్రు కొట్టుకుపోవడం' అని రాయండి.

గద్వాల: అవక్షేపాన్ని అంత తేలిగ్గా కొట్టేయకండి. అవక్షేప శిలలు బడి పిల్లలకూ తెలుసు. ఇసుక, ఒండ్రు, గులకరాళ్లు అన్నిటికీ కలిపి ఇంకో మాట ఏదీ? పరిశోధన పత్రంలో అదే ఉండాలి. రైతుల పేజీలో మాత్రం మేట, పూడిక చాలు. ఆ రెండూ ఒకటి కావు. పూడాలంటే ముందు గుంత ఉండాలి: బావి పూడుతుంది, చెరువు పూడుతుంది. మేటకు గుంత అక్కర్లేదు, వరద తీశాక చదును పొలంలోనూ వేస్తుంది.

నల్లగొండ: ఇది పనికొచ్చే తేడా! మోడల్‌లో అసలు లెక్క ఎక్స్‌నర్ సమీకరణం. నదిలో ఒక ముక్కలోకి వచ్చిన ఇసుక పోయినదానికంటే ఎక్కువైతే అడుగు లేస్తుంది, తక్కువైతే దిగుతుంది. రేణువుల మధ్య ఖాళీనీ కలుపుకోవాలి. ఖాళీ 40 శాతమైతే 60 ఘనమీటర్ల ఇసుక రేణువులు 100 ఘనమీటర్ల మేట అవుతాయి. అడుగు ఎంత లేచిందో చెప్పేటప్పుడు మేట, నీళ్ల చోటు ఎంత పోయిందో చెప్పేటప్పుడు పూడిక. మరి దిగడానికి? 'కోత' అంటే ఒడ్డు కోత అనుకుంటారేమోనని టెన్షన్.

దేవరకొండ: 'అడుగు కోత' అనండి. డ్యాముల కింద జరిగేది అదే. ఒండ్రు వెనకే ఆగిపోయి తేట నీళ్లు దిగుతాయి, కింద ఉన్న ఇసుకను తోడుకుపోతాయి. వెనక మాత్రం పూడికే: శ్రీశైలం 308 టీఎంసీల నుంచి సుమారు 215కి, సాగర్ 408 నుంచి 312కి తగ్గాయి.

మిర్యాలగూడ: నీళ్లలో తేలుతూ పోయేదానికి 'కలక' ఉంది. అడుగున పోయే ఇసుకకు?

గద్వాల: 'దొర్లుడు ఇసుక'. మా పాలమూరోళ్లకు వెంటనే తెలుస్తుంది.

నల్లగొండ: బాగుంది గానీ అన్నా, ఆ ఇసుక దొర్లడమే కాదు, పొట్టి గంతులూ వేస్తుంది. అసలు నీటి లాగుడు ఒక హద్దు దాటేదాకా కదలనే కదలదు. ఆ హద్దును 1936లో షీల్డ్స్ అనే ఇంజనీరు ప్రయోగాలతో తేల్చాడు.

గద్వాల: గంతుల సంగతి పత్రంలో రాసుకో తమ్మీ. రైతుల పేజీలో దొర్లుడే ఉంచు.